మెరుపక్క చివరి పేజీ

ముసుగుమనిషి ముఖం ఎలా ఉంటుంది? పుస్తకాల షాపాయన్ని ఏళ్ల తరబడి తొలిచేస్తున్న సందేహం అది. బొమ్మల కథల పుస్తకంలో మెరుపక్క ప్రతి సంచికలోనూ ఆ దుర్మార్గుణ్ణి చితకబాదుతుంది, ముసుగు మాత్రం ఊడదు. “నాకైనా చెప్పవా అమ్మాయీ?” అని అడిగితే, ఆ బొమ్మలు గీసే అమ్మాయి నవ్వేసేది. “మీకు బాకీ ఉన్నాను బాబాయ్. ఏదో ఒకరోజు తీరుస్తాను.”

ముసుగు ఊడే సంచిక ఈరోజే వచ్చింది. షట్టర్ బయట వీధి మలుపు దాకా క్యూ. ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు, సిగ్గుపడుతూ మగపిల్లలు. ‘ఆడపిల్ల ఎగిరితే ఎవరు కొంటారండీ’ అని ఎగతాళి చేసిన ఏజెంటే ఇప్పుడు కట్టలు పంపలేక తల పట్టుకుంటున్నాడు. కండల వీరుల పుస్తకాలు పై అరలో దుమ్ము కొట్టుకుపోతున్నాయి.

దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆయన కట్ట విప్పబోతుంటే, సగం ఎత్తిన షట్టర్ కిందుగా ఒకతను వంగి లోపలికొచ్చాడు. వెంటనే దాన్ని కిందికి లాగేశాడు.

“కొత్త పుస్తకం వచ్చిన రోజు నా భార్య ఇక్కడికొస్తుందటగా. జనం చదువుతుంటే చూసుకోడానికి.”

“మీ భార్య ఎవరు బాబూ?”

“ఈ బొమ్మలు గీసేది.”

ఆ అమ్మాయి ముంజేతి మీద వరసగా ఉండే కాలిన మచ్చలు ఆయనకి గుర్తొచ్చాయి. ఇంకాసేపట్లో “బాబాయ్” అంటూ వెనక గుమ్మంలోంచి వచ్చేస్తుంది.

“ఇక్కడికెవరూ రారు.”

“పెద్దవారు, అబద్ధాలాడకండి.” అతను బల్ల మీది కత్తి తీసుకుని బొటనవేలితో పదును చూశాడు. గొంతు మాత్రం పెంచలేదు. “ఈసారి గడప దాటడానికి దానికి కాళ్లుండవు.”

షట్టర్ దడదడలాడింది. “తాతయ్యా, నిద్రపోయారా? మెరుపక్క ముసుగు పీకేసిందటగా!”

“తెరవండి. ఎప్పటిలాగే అమ్ముకోండి. అనుమానమొస్తే అది రాదు.” అతను కట్ట తాడు తనే పుటుక్కున కోసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మీ ఆవిడ గీసింది. ఒక్కసారైనా చూడరా?”

“ఆ పిచ్చిగీతలా? ఇంతవరకు ఒక్కటీ ముట్టలేదు.”

ఆయన పై పుస్తకం తీసి చివరి పేజీ తిప్పాడు. చాలాసేపు చూశాడు. దేవుణ్ణి తలచుకుని షట్టర్ ఎత్తాడు.

చివరి పేజీ ఇంటికెళ్లాకే చూడాలన్నది ఆ షాపు కట్టుబాటు. ముందే తిప్పిన పిల్లల చెవి మెలేసేవాడాయన. పుస్తకాలు చేతులు మారాయి. అక్కడే నిలబడి మొదటి పేజీలు తిప్పుతూ ఒక్కరూ బయటికి పోలేదు. బల్లకీ స్టూలుకీ మధ్య కాలు పెట్టే సందు లేకుండా షాపు నిండిపోయింది.

“అమ్మలూ, ఈ ఒక్కరోజుకి చివరి పేజీయే ముందు చూడండి,” అన్నాడాయన.

పేజీలు గలగలమన్నాయి. ఒక్కో తలా పుస్తకంలోంచి లేచి, స్టూలు వైపు తిరిగి, అక్కడే ఆగిపోయింది.

“అమ్మా,” అంది ఓ చిన్నపిల్ల, “ముసుగుమనిషి ఇక్కడే కూర్చున్నాడు!”

జనం వెనక, వెనక గుమ్మంలోంచి తొణకని గొంతొకటి వినిపించింది.

“బాకీ తీరింది బాబాయ్.”