కుర్చీ జరిపినందుకు

“కుర్చీ జరిపినందుకు లాయర్ నోటీసా? ఏంటండీ ఇది!” ఫణీంద్ర నవ్వాడు.

ఆ నవ్వు వినగానే వెన్నెలకు ఒళ్ళు మండిపోయింది. అమీర్‌పేటలో అతని కోచింగ్ సెంటర్లోనే ఆమె జావా నేర్చుకుంటోంది. ఆ రోజు క్లాసులోనూ ఇలాగే నవ్వాడు. ఇప్పుడు పంజాగుట్టలో ఆమె లాయర్ రత్నమాల ఆఫీసుకొచ్చి కూడా అదే నవ్వు.

“అసలేం జరిగిందో చెప్పండి,” అంది రత్నమాల.

“ప్రకటన కోసం క్లాసు వీడియో తీయిస్తున్నాం. ఈ అమ్మాయి ముందు వరసలో ఉంది. అక్కడుంటే వీడియోలో బాగుండదనిపించింది. కుర్చీ పట్టుకుని స్తంభం వెనక్కి జరిపాను. అంతే! ఒంటి మీద వేలు కూడా వెయ్యలేదు మేడం. నాకూ కూతురుంది.”

“నేను దాంట్లనే కూసోని ఉన్న గద!” అంది వెన్నెల. “మీరు చేతులు చాపుకుంట మీదికొస్తుంటేనే వద్దన్న. గట్టిగ ఒర్రిన. ఆగిన్రా?”

“నీ మంచికే కదమ్మా. వెనకైతే ఫ్యాన్ కూడా ఉంది.”

మంచికట! సామాను జరిపినట్టు జరిపాడు. స్తంభం వెనక నుంచి బోర్డే కనబడలేదు. క్లాసు అయిపోయేదాకా ఆ స్తంభాన్నే చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

రత్నమాల కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“వద్దంటున్నా మీదికి వెళ్ళి, ఇదిగో చెయ్యి పడబోతోందని మనిషిని భయపెట్టడం ఒక తప్పు. దెబ్బ పడక్కర్లేదు. అవతలి మనిషి ఒప్పుకోకుండా ముట్టుకోవడం రెండో తప్పు. గాయం కానక్కర్లేదు. మంచికే చేశానంటే చెల్లదు.”

“నేను ముట్టుకుంది కుర్చీని!”

“చేతిలో పుస్తకం లాక్కున్నా, వేసుకున్న చున్నీ లాగినా మనిషిని ముట్టుకున్నట్టే సార్. ఒంటిని అంటిపెట్టుకుని ఉన్నదేదైనా ఒళ్ళే.”

ఫణీంద్ర మొహంలో నవ్వు పోయింది. “సరే, సారీ. చెప్పేశాను. అయిపోయిందా?”

“క్లాసుల చెప్పుండ్రి. అందరి ముంగట. గా వీడియో సుత మళ్ళ తియ్యుండ్రి. నేను ముందు వరసలనే ఉంట.”

“అదెలా కుదురుతుంది? పిల్లల ముందు నా పరువేం కావాలి?”

“మరి నాకు లేదా పరువు? అందరు చూస్తుండంగ మూలకు నూకినప్పుడు యాదికి రాలేదా?”



వెన్నెల లాయర్ వైపు తిరిగింది. “కేసు వెయ్యుండ్రి మేడం. నేను పోతున్న.”

“ఉండమ్మా, ఉండు...” ఫణీంద్ర గబుక్కున లేచి ఆమె వెనక్కి వచ్చాడు. చేతులు చాపాడు.

“ముట్టకుండ్రి!”

ఆ కేకకు అతను ఉన్నచోటే ఆగిపోయాడు.

వెన్నెల తన కుర్చీ చక్రాలను తన రెండు చేతులతో తనే తిప్పుకుంటూ గుమ్మం దాటింది.