ముందు లేచిన పొగ

రాణి తమ్ముడి కోటుకు పతకం కుడుతోంది. కాసేపట్లో అతను ప్రధానమంత్రిగా ప్రమాణం చేయాలి.

"కదలకురా, గుచ్చుకుంటుంది. ఇంత పెద్ద సేనాపతివి, సూదికి భయమా?"

"అక్కా, ఆ పతకం వద్దు."

ఆమె చెయ్యి ఆగింది. "రెండు కొండల యుద్ధం గెలిచినందుకు ఇచ్చిందిరా. ఇదీ వద్దంటే నీకింకేం మిగులుతుంది?"

"రాజుగారి బావమరిదినన్న పేరు."

ఆమె మళ్లీ సూది గుచ్చింది. ఏ కొండ మీద ముందు పొగ లేస్తే సాయం అటు పంపాలని ఆ యుద్ధంలో కట్టుబాటు. ఒక కొండ మీద అతను, రెండోదాని మీద అతని స్నేహితుడు. సాయం అతనికే వచ్చింది. స్నేహితుడు తిరిగి రాలేదు.

"ఒక మాట దాచానురా," అంది తల దించుకుని. "ముందు లేచింది నీ పొగ కాదు. నేనే మీ బావ కాళ్ల మీద పడి గుర్రపుదళాన్ని నీవైపు పంపించాను. తెలిస్తే కుమిలిపోతావని ఇన్నేళ్లూ చెప్పలేదు."

"తెలుసక్కా. ఆ పొగ నాకూ కనిపించింది. దళం వచ్చాక, ఇటు కాదు, అటు వెళ్లండని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆమె చేతిలో దారం జారిపోయింది.

బయట బాకాలు మోగాయి.

"అక్కా, వాడి భార్య ముందు వరుసలో కూర్చుంది. నేనే పిలిపించాను."

"పతకం కనబడకపోతే ఎందుకు పెట్టుకోలేదని అడుగుతుందిరా!"

"అడగాలనే అక్కా."

రాణి సూది పక్కన పెట్టింది. తరవాత, వేసిన కుట్లు ఒక్కొక్కటిగా విప్పసాగింది.