వెనక పడ్డ గొంతు

"అన్నయ్యా, ఈ ముక్క మళ్ళీ చదవాలి." రికార్డింగ్ వింటున్న తమ్ముడు హెడ్‌ఫోన్స్ తీశాడు.

చూపు లేనివాళ్ళ కోసం ఇంట్లోనే సువార్త చదివి రికార్డు చేస్తున్నాం.

"తప్పు చదివానా?"

"నువ్వే విను."

తీర్పు రోజున, దాహమన్న పేదలకి నీళ్ళివ్వని జనం, 'ప్రభువా, నువ్వు దాహంతో ఉండగా మేమెప్పుడు చూశాం?' అని అడిగే చోటు. అక్కడ కాస్త ఆగాను. ఆ సందులో, పక్కగదిలోంచి, మంచం పట్టిన అమ్మ పిలుపు.

"ఒరే, గుక్కెడు మంచినీళ్ళు..."

మైకుకు వినపడింది, నాకు వినపడలేదు. అమ్మ దగ్గు రికార్డింగులో పడుతుందని ఆ తలుపు మూసింది నేనే.

"చెరిపేయనా?" అన్నాడు తమ్ముడు.

గ్లాసు పట్టుకుని పరిగెత్తాను. అమ్మ గడగడా తాగేసి, నా చెయ్యి నిమిరింది.

"దేవుడి పనిలో ఉన్నావు కదా నాన్నా, అందుకే మళ్ళీ పిలవలేదు."