పూతరేకు ఫొటో

పత్రిక ముఖచిత్రం మీద ఒకమ్మాయి కళ్ళు మూసుకుని మిఠాయి కొరుకుతోంది. రూతమ్మ ఆ పత్రికను రాజోలులోని స్టూడియోలో ఫొటోగ్రాఫర్ మాణిక్యాలరావు ముందు పెట్టింది.

"నన్నూ ఇలాగే తియ్యాలండి. కువైట్‌లో ఉన్న మా ఆయనకి పంపాలి."

"సినిమాల్లో చేరతారేంటండీ?" అని నవ్వుతూ ఆయన లైట్లు వేశాడు.

రూతమ్మ పట్టుచీర సర్దుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న పూతరేకు కొరికి కళ్ళు మూసుకుంది. అంత తృప్తి ఆ కెమెరా ముందు ఎవరి ముఖంలోనూ ఆయన చూడలేదు.

ఫొటో తీయగానే ఆమె పెరట్లోకి పరుగెత్తి నోట్లోది ఉమ్మేసింది.

"గొంతులో కేన్సరన్నారండి. ముద్ద దిగడం లేదు. నేను తిండి తినట్లేదని ఎవరో ఆయనకి రాసేరు. పని మానేసి వచ్చేస్తే పిల్లల చదువులెలా అండీ?"

ఫొటో చూసి భర్త సంబరపడిపోయాడు. ఊరికి వస్తున్నవాళ్ళ చేత ఖర్జూరాల డబ్బా పంపించాడు. అప్పటికి రూతమ్మకు మంచినీళ్ళు కూడా దిగడం లేదు. తన పిల్లలనూ పక్కింటి పిల్లలనూ మంచం దగ్గరకు పిలిచి పంచిపెట్టింది.

"రుచెలా ఉందో చెప్పండర్రా," అంది. "ఆయనకి రాయాలి."