మిలాగ్రోస్ చూపుడువేలు

మధ్యాహ్నం ఒంటిగంటకి మిలాగ్రోస్ ఎడమచెయ్యి వేడినీళ్ళ గిన్నెలో ఉంది. రెండింటికి అదే చేత్తో పాటగాడు అనిసెతో తాత ముందు గిటార్ వాయించాలి.



హెరెస్ ఊళ్ళో అనిసెతో తాత పాటంటే జనం చెవి కోసుకుంటారు. ఆయన పాటకి గిటార్ పట్టమంటే మాత్రం తలోదిక్కూ చూస్తారు. నిరుడు ముగ్గుర్ని పాట మధ్యలోనే లేపి పంపించేశాడు. ఆ ముగ్గుర్నీ మళ్ళీ ఏ పాటల సంఘమూ పిలవలేదు. ఒకడైతే ఇప్పుడు చేపలు అమ్ముకుంటున్నాడు.

మిలాగ్రోస్‌కి ఇరవైమూడేళ్ళు. ఈ ఆదివారం గట్టెక్కితే సంఘంలో గిటార్ కుర్చీ ఆమెది. లేకపోతే చేపల బజారులో ఇంకో బల్లకి చోటుందేమో కనుక్కోవాలి.

భయమంతా బార్ కార్డులనే పట్టు గురించే. చూపుడువేలిని ఆరు తీగల మీదా అడ్డంగా వేసి నొక్కిపట్టాలి. పది నిమిషాలయ్యేసరికి ఆమె బొటనవేలి మొదట్లో మంట పుడుతుంది. ఆ తర్వాత చెయ్యి కొయ్యబారిపోతుంది. తీగల మీద అడ్డంగా చిన్న చెక్కముక్క బిగించుకుంటే సగం బాధ తప్పేది. ఊళ్ళో అందరూ చేసేది అదే. కానీ చెక్కముక్క కంటపడితే అనిసెతో పాడడు. పాతకాలపు మొండితనం అని సరిపెట్టుకున్నారు అందరూ.

"బలంకొద్దీ నొక్కకే," అంది గిటార్ నేర్పిన ఎన్కార్నా టీచరు, తువ్వాలుతో ఆ చెయ్యి తుడుస్తూ. "బొటనవేలితో పిండెయ్యకు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని చేతి బరువు కిందికి వేలాడనియ్యి. చూపుడువేలు కాస్త పక్కకి దొర్లించు, ఎముక ఆనాలి. మరీ నొప్పెడితే మూడు తీగలే నొక్కి, మిగతావి ముట్టుకోకు. ఎవడు కనిపెడతాడు?"

"ఆయన కనిపెడతాడు టీచర్."

"కనిపెడితే కనిపెట్టాడులే. చెయ్యి పోగొట్టుకుంటావా ఏం?"

సంఘం హాలు కిటకిటలాడుతోంది. బల్లల మీద ఆలివ్ కాయలు, షెర్రీ వైన్ గ్లాసులు. అనిసెతో ముందే వచ్చి కూర్చున్నాడు. మిలాగ్రోస్ వెనకనించి వెళ్ళి, "దండాలు తాతా," అంది. ఆయన తలైనా తిప్పలేదు.

"ఏం అనుకోకమ్మా, పెద్ద పాటగాడు కదా, ఆపాటి పొగరు ఉంటుంది," అని గొణిగాడు సంఘం పెద్ద ఎలాదియో.

ఆమెను చూడగానే అనిసెతో లేచి, ఆమె కుర్చీని తనే కిటికీ వెలుతురులోకి లాగాడు. పక్కన కాదు, ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. కూర్చుని ఆమె ఎడమచేతి మీద చూపు నిలిపాడు. ఇక ఆ చూపు కదిలితే ఒట్టు.

మొదటి పాట ఎలాగో గడిచింది. రెండోది నెమ్మది పాట, ప్రాణం తీసే పాట. బొటనవేలి దగ్గర మంట మొదలైంది. మణికట్టు దాకా పాకింది. చెయ్యి ఇక్కడే బిగుసుకుపోతుందేమోనని ఆమెకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

టీచరు మాట గుర్తొచ్చింది. వేలు ముడిచి, కొసతో మూడు తీగలే నొక్కింది. మోతలో వెలితి లేదు. హాల్లో ఒక్కరూ పసిగట్టలేదు.

అనిసెతో గొంతు ఠక్కున ఆగిపోయింది.

"వేలు!" అని అరిచాడు. హాలంతా అదిరిపడింది. "వేలు పూర్తిగా వెయ్యి పిల్లా! ఆరింటి మీదా!"

"అయిపోయింది పాపం," అన్నారెవరో వెనక బల్ల దగ్గర.

మిలాగ్రోస్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. పారిపోదామనిపించింది, అయినా గిటార్ దించలేదు. మోచెయ్యి ఒంటికి చేర్చింది. బొటనవేలు వదులు చేసి, చేతి బరువంతా వేలాడదీసి, చూపుడువేలిని ఈ కొసనించి ఆ కొసకి నిండుగా పరిచింది. నొప్పి పోలేదు గానీ, ఓర్చుకునేంతలో ఆగింది.

ముసలాయన మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆమె వేలు లేస్తే ఊపిరి పీల్చుకుంటున్నాడు. వేలు పడితే పాట అందుకుంటున్నాడు. రెప్ప వెయ్యడం లేదు. ఈ సారి తప్పు దొరికితే తన పని సరి అనుకుంది మిలాగ్రోస్. చావుకి తెగించినట్టు, పాట చివరిదాకా ఒక్క బార్ కార్డు కూడా ఎగ్గొట్టలేదు.

పాట ముగిసింది. హాలంతా లేచి "ఓలే!" అని అరిచింది. ఎలాదియో కళ్ళు తుడుచుకున్నాడు. అనిసెతో మాత్రం జనం వైపు చూడలేదు. వంగి ఆమె ఎడమచెయ్యి అందుకున్నాడు. ఇక పొమ్మంటాడని ఆమె గుండె చిక్కబట్టుకుంది.

ఆయన ఆ చెయ్యి వదల్లేదు. చప్పట్ల హోరులో ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఎవరితోనూ అనకు తల్లీ, నాకు చెవులు పోయి రెండేళ్ళయింది, నీ వేలు పడటం చూసుకునే పాడుతున్నాను."