పద్నాలుగు ట్రంపెట్లు

"బ్యాండు మాస్టారు మీరేనా?" స్కూలు బ్యాండు పోటీల గేటు దగ్గర రిజిస్టరు పట్టుకున్నాయన అడిగాడు.

అతను నోరు తెరిచేలోగా వెనకనుంచి పిల్లలు అందుకున్నారు. "కాదు సార్! మాస్టారు మా మేడమ్. ఈయన మేడమ్ గారి ఆయన!"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్లుగా ఊరేగింపుల్లో ట్రంపెట్టు ఊదుతున్న మనిషి. స్కూలువాళ్లు బ్యాండుకి మాస్టారు కావాలంటే ముందు అర్జీ పెట్టింది అతనే. సర్టిఫికెట్టేదీ అన్నారు. అతనికి లేదు, భార్యకుంది. ఆమె చేతికి బ్యాండు నడిపే కర్ర వచ్చింది, ఇతని చేతికి ట్రంపెట్లకి వేసే నూనె సీసా వచ్చింది.

సామాన్లు పెట్టుకోడానికిచ్చిన గదిలోకి ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది. తెల్ల చొక్కా, మెడలో విజిల్.

"ఏమండీ, మన వంతు తొమ్మిదింటికే. ట్రంపెట్లు ఒక్కసారి శ్రుతి చూసి పెట్టరూ? మీ చెవిన పడితే నాకు బెంగుండదు."

"చెవి నాది, చప్పట్లు నీవి. బాగుంది వరస."

"అబ్బ, పొద్దున్నే మొదలెట్టారా! ఇవాళ తేడా వస్తే వచ్చే ఏడు నన్ను ఉంచనని స్కూలు పెద్ద మేడమ్ మొహం మీదే చెప్పింది. తెలుసుగా?"

"నువ్వు లేకపోతే బ్యాండు మూతపడుతుందా?"

"పడదు. ఇంకో సర్టిఫికెట్టుని తెచ్చుకుంటారు. మిమ్మల్నయితే పిలవరు."

ఆ మాట నిజం. అందుకే ఇంకా మండింది.

ఆమె పిల్లల్ని లైన్లో నిలబెట్టడానికి వెళ్లిపోయింది. గదిలో అతనూ, బల్లమీద పద్నాలుగు ట్రంపెట్లూ మిగిలారు. ట్రంపెట్టుకి ఒక చిన్న వంపు గొట్టం ఉంటుంది. స్లైడంటారు. బయటికి లాగితే శ్రుతి దిగుతుంది, లోపలికి తోస్తే ఎక్కుతుంది. దాని జోలికి పిల్లలెవరూ వెళ్లకూడదని ఆమె కట్టడి చేసింది. అది ఇతనొక్కడి పని.

అతను మొదటిది తీశాడు. గోరంత లాగాడు. రెండోది తీశాడు. గోరంత లాగాడు. పద్నాలుగూ అలాగే లాగాడు. క్లారినెట్లు ఒక దారి, ట్రంపెట్లు ఒక దారి పోతాయి. వినేవాళ్లు చెవులు మూసుకుంటారు. అప్పుడు తెలుస్తుంది సర్టిఫికెట్టుకి.

చేతులు తుడుచుకుని గ్రౌండులోకి వచ్చి, మొదటి వరసలో కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఇలాంటి తమాషా వెనక వరసలో కూర్చుని చూసేది కాదు.

తొమ్మిదైంది. మైకు గరగరలాడింది. "చిన్న మార్పు. తొమ్మిది గంటల బ్యాండు వంతు పన్నెండున్నరకి మార్చాం. గమనించగలరు."

"ఇదేం దరిద్రం!" అన్నాడు పైకే.

పదైంది, పదకొండైంది. ఎండ ముదిరింది. నేల సెగలు కక్కుతోంది. ఒక్కో స్కూలే వచ్చి ఊదుతోంది. పన్నెండు దాటాక వచ్చిన బ్యాండు ట్రంపెట్లు శ్రుతి మించి కీచుమన్నాయి. పక్కనున్న పెద్దాయన మొహం చిట్లించాడు.

అప్పుడు వెలిగింది అతనికి. ఎండ! ఇత్తడి కాగితే శ్రుతి పైకెక్కుతుంది, చెక్క క్లారినెట్లకి అంతగా ఎక్కదు. అతను దించిపెట్టిన గోరంతనీ ఈ పాడు ఎండ తిరిగి ఎక్కించేస్తుంది. ఇంకో గోరు లాగాల్సింది! గబగబా లేచాడు. గది తలుపు తీసే ఉంది, బల్ల ఖాళీ. పిల్లలు అప్పటికే ట్రంపెట్లు భుజాన పెట్టుకుని ఎండలో బారుగా నిలబడ్డారు. వాళ్ల ముందు ఆమె కర్ర పైకెత్తింది.

అతను పళ్లు నూరుకుంటూ కుర్చీకొచ్చాడు.

నలభై ఇద్దరు పిల్లలు ఒకే కాలు వేశారు. ట్రంపెట్లు లేచాయి. క్లారినెట్లలోకి పాలలో నీళ్లలా కలిసిపోయాయి. ఒక్క స్వరం పక్కకి పోలేదు. గ్రౌండు గ్రౌండంతా లేచి నిలబడింది. చచ్చినట్టు అతనూ నిలబడ్డాడు.

పెద్ద జడ్జి మైకు లాక్కున్నాడు. "మిట్టమధ్యాహ్నం ఇంత శ్రుతిలో ఊదిన బ్యాండు ఇదొక్కటే. ఎండని ముందే లెక్కేసి ట్రంపెట్లు దించిపెట్టారు. ఎవరిదమ్మా ఆ చెవి?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా వారిదండీ. అదిగో, ముందు వరసలో ఉన్నారు."

చప్పట్లు! ఈసారి అతనికే. జడ్జి దిగొచ్చి చెయ్యి కలిపాడు. పిల్లలు అతని చుట్టూ మూగి "సార్! సార్!" అన్నారు. మేడమ్ గారి ఆయన అన్న మాట ఒక్క నోటినుంచీ రాలేదు. రిజిస్టరాయన కూడా వచ్చి నమస్కారం పెట్టాడు. పావుగంట గడిచేసరికి, ఆ స్లైడ్లు ఎండకోసమే లాగానని అతనే నమ్మేశాడు.

గదిలో ఆమె ట్రంపెట్లు తుడిచి పెట్టెల్లో సర్దుతోంది. అతను గుమ్మంలో నడుంమీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"చూశావా? ఇంత ఎండ వస్తుందని నీ సర్టిఫికెట్టు చెప్పిందా? ఇరవై రెండేళ్ల చెవి ఇది. ఇకనైనా నీకూ నాకూ తేడా తెలిసిందా?"

ఆమె తలెత్తకుండానే ఆఖరి ట్రంపెట్టు స్లైడుని గోరంత లోపలికి తోసింది.

"పొద్దున మీరు లాగుతుంటే కిటికీలోంచి చూశానండీ. పిల్లల ముందు మళ్లీ తోస్తే ఎవరు లాగారని అడుగుతారు, అందుకే పోటీలవాళ్ల కాళ్లావేళ్లా పడి మన వంతుని ఎండలోకి మార్పించుకున్నాను."