ఊకదంపుడు

"ఈ ఊకని నమ్ముకుని నేను ఆఫీసరు ముందు నిలబడాలా?" అంటూ అద్దకం ఫ్యాక్టరీ యజమాని ఎదురుగా ఉన్న డ్రమ్మును ఒక్క తన్ను తన్నాడు. డ్రమ్ముకి ఏమీ కాలేదు. ఆయన బొటనవేలే కమిలింది.

"తన్నకు మామయ్యా, లోపల పొరలు కదిలిపోతాయి," అంది మేనకోడలు. ఆ ఫ్యాక్టరీకి కెమిస్టు ఆమే. "పొద్దున మన రంగు మీటరుతో నీళ్ళు చూశాను. పాతిక దాటకూడదన్నారు కదా, పదకొండే వచ్చింది."

"పైన ఊక, మధ్యలో వేరుశెనగ తొక్కలు, అడుగున మన బాయిలరు బూడిద! ఊడ్చి పారబోసే చెత్తంతా డ్రమ్ములో కూరి, దాని మీద రంగు నీళ్ళు పోస్తే శుభ్రం అవుతాయా? వింటే జనం నవ్విపోతారు."

"అది మామూలు ఊక కాదు, కాల్చిన ఊక. దాని ఒళ్ళంతా కంటికి కనపడని చిల్లులే. రంగు వెళ్ళి వాటిలో ఇరుక్కుంటుంది. ఆ తర్వాత..."

"చాల్లే ఆపు నీ ఊకదంపుడు!"

మూడు నెలలుగా ఆయన వేస్తున్న జోకు అదొక్కటే. వేసిన ప్రతిసారీ తనే ముందు నవ్వుతాడు, తర్వాత గుమాస్తా నవ్వుతాడు. ఆయనకి తెలిసిన శుద్ధి కూడా ఒక్కటే. పాతికేళ్ళుగా రంగు నీళ్ళన్నీ ఫ్యాక్టరీ వెనక, తన ఇంటి పెరటి పక్కనే ఉన్న గుంటలోకి వదలడం, "భూమి తాగేస్తుందిలే" అనడం. పాపం, భూమి నోరు విప్పి కాదనలేదు.

ఈసారి మాత్రం కాలుష్య నియంత్రణ మండలి నుంచి నోటీసు వచ్చింది. ఇవాళ పరీక్షలో నీళ్ళు తప్పితే సాయంత్రానికి గేటుకి తాళం పడుతుంది. నలభై మంది రోడ్డున పడతారు. వాళ్ళలో ఆమె కూడా ఒకతె.

ఆఫీసరు రానే వచ్చాడు. డ్రమ్ము దాకా దారంతా బురద. ఆయన బూట్లేమో కొత్తవి. బురద వంక ఒకసారి, బూట్ల వంక ఒకసారి చూసుకుని, "ఆ నీళ్ళు సీసాలో పట్టి ఇక్కడికే తెప్పించండి," అంటూ ఆఫీసు గదిలో కూర్చున్నాడు.

ఆమె లేవబోయింది.

"నువ్వు కూర్చో అమ్మాయ్. సారుకి నీ ఊక సంగతులు చెప్పు. చెప్పడం నీకు బాగా వచ్చుగా," అని యజమాని స్వయంగా పరుగెత్తాడు. గుమాస్తాని కేకేసి మంచినీళ్ళ గ్లాసు కూడా తెప్పించుకునే మనిషి అలా పరుగెత్తడం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదు.

కాసేపటికి రొప్పుతూ వచ్చాడు. చొక్కా చేతులు తడిసిపోయి ఉన్నాయి. చేతిలో నిండు సీసా.

"చూడండి సార్, అద్దంలా ఎలా ఉన్నాయో! అంతా మా అమ్మాయి తెలివి. ఊకతో కడిగిన నీళ్ళండీ ఇవి!"

ఆమె తన చెవులను తనే నమ్మలేకపోయింది. మామయ్య నోట మెచ్చుకోలు రావడం ఇదే మొదలు. కళ్ళు చెమర్చాయి.

"కంటికి కనపడనంత మాత్రాన లేనట్టు కాదు," అని ఆఫీసరు తన పెట్టెలోంచి మీటరు తీశాడు. కొంచెం నీళ్ళు పోసి మూత పెట్టాడు. అంకె వెలిగింది.

"నూట పదహారు."

"కుదరదు!" యజమాని ఎగిరిపడ్డాడు. "మీ మీటరు చెడిపోయిందండీ!"

ఆఫీసరు తను తెచ్చుకున్న స్వేదన జలం పోసి చూశాడు. సున్నా వచ్చింది. మళ్ళీ సీసాలో నీళ్ళు పోశాడు. మళ్ళీ నూట పదహారే. సీసా వెనక తెల్ల కాగితం పెట్టి చూపించాడు. నీళ్ళలో లేత ఊదారంగు పలచగా తేలింది.

ఆమె చటుక్కున లేచింది. "సార్, పొద్దున నేనే చూశాను. పదకొండే వచ్చింది. ఒక్కసారి డ్రమ్ము దగ్గరికి రండి!"

"నా ముందున్నది చూసి రాస్తానమ్మా, మీరు చెప్పింది విని కాదు," అని ఆఫీసరు కాగితం తీసి తాళం ఉత్తర్వు రాయడం మొదలుపెట్టాడు.

మూడు నెలల కష్టం కళ్ళముందే బూడిదలో పోసిన పన్నీరవుతుంటే ఆమెకి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఎవరెంత ఎగతాళి చేసినా ఊక మీద పోని నమ్మకం ఆ క్షణాన పోయింది.

మామయ్య తనని తిట్టిపోస్తాడనుకుంది. ఆయన తిట్టలేదు. ఉత్తర్వు వంక కూడా చూడటం లేదు. సీసా వంకే గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"సార్, ఇవి తాగితే ఏమవుతుంది?"

"తాగడమా? గొడ్డుకి కూడా పెట్టకూడదు."

"ఒకటి రెండు రోజులు కాదండీ. ఏళ్ళ తరబడి తాగితే?"

"కడుపు, కాలేయం, కిడ్నీలు... దేనికైనా ముప్పే."

యజమాని పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఇన్నాళ్ళకి మామయ్యకి చుట్టుపక్కల జనం మీద జాలి పుట్టిందనుకుని, తన బాధ మరిచి ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆఫీసరు కలం ఆపి నవ్వాడు. "అయినా ఫ్యాక్టరీ మురుగు ఎవరు తాగుతారండీ?"

"మురుగు కాదు సార్..." యజమాని సీసా వైపు వేలు చూపించాడు. "అవి మా పెరటి బావిలో మంచినీళ్ళు!"